లెక్కల పుస్తకం సరిచూసిన వేలు

ప్రియమైన వసపిట్టకి,

నీ ఉత్తరం అందింది. ఆ కవరు బరువుకి పోస్టుమాన్ "ఏం పంపారమ్మా, ఇటుకలా?" అన్నాడు. మీ ఇంటి పిల్లి ఈనిన సంగతికి అన్ని పేజీలా? నీ నోటికీ చుక్కలు పొడిచే నీ సూదికీ ఒకటే జబ్బు.

సరే, నా జబ్బు సంగతి చెప్తాను, నవ్వకు. మొన్న ప్రెస్సుకి బయల్దేరి బస్టాపు దాకా వెళ్ళానా, వెనకనుంచి మా మరదలు రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "వదినా, ఎడమకాలి చెప్పు గుమ్మంలోనే వదిలేశారు" అంది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు, అట్లాగే వీధి చివరిదాకా నడిచాను, నాకు తెలీలేదే! మనం కాళ్ళతో దారి చూసే మనుషులం. ఎక్కడ కంకర, ఎక్కడ తారు, ఎక్కడ డ్రైనేజీ మూత, అన్నీ అరికాలు చెప్పాలి. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. బస్సెక్కి కూర్చున్నాక భయమేసి ఆ అరికాలు గిల్లి చూసుకున్నాను.

పగలంతా మొద్దుల్లా పడుండే ఆ కాళ్ళే, కాస్త నడుం వాలిస్తే చాలు మండిపోతాయి. దుప్పటి తగిలితే ముళ్ళు గుచ్చినట్టే. అరికాలి మంట నెత్తికెక్కిందని ఇదివరకు మాట వరసకి అనేదాన్ని. ఇప్పుడు నిజంగానే ఎక్కుతోంది.

తమ్ముడు పోరు పెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రక్తం తీశాడు, కాళ్ళ మీద ఏదో మోగే చువ్వ ఆనించి "తెలుస్తోందా?" అని అడిగాడు. తెలియలేదు. షుగరు ఎక్కువుందట, ఎప్పటినుంచో ఉండి ఉంటుందట. "షుగరు వల్ల నరాలు దెబ్బతిని ఉండొచ్చమ్మా. విటమిను తక్కువై కూడా కావచ్చు. ఇన్నేళ్ళు మణికట్టు ఆనించి పనిచేశారు కాబట్టి చేతి దగ్గర నరం నొక్కుకుని కావచ్చు. అన్నీ కలిసి కూడా కావచ్చు" అన్నాడు. ఇంతకీ ఏది ఖాయమయ్యా అంటే, "ఇంకా పరీక్షలు చెయ్యాలి" అన్నాడు. చేస్తే తెలుస్తుందా అంటే, "తెలియొచ్చు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకి నేను కావచ్చు డాక్టరని పేరు పెట్టాను.

చేతి సంగతి ఎందుకొచ్చిందని అడుగుతావు. అదే చెప్పబోతున్నాను. నా కుడి చూపుడు వేలికి ఎవరో పల్చటి గుడ్డ చుట్టినట్టుందే. రోజూ కాదు. పొద్దున్న లేవగానే ఉంటుంది, వేడినీళ్ళలో పెడితే సగం దిగుతుంది. పనికేం అడ్డం లేదు. ఏడో తరగతి లెక్కల పుస్తకం నడుస్తోంది, మీ బళ్ళకి పంపాల్సిందే. మా పని నీకు తెలుసుగా. చదువమ్మ అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదువుతుంది, నేను మన బ్రెయిలీ చుక్కల పేజీ మీద వేలు నడుపుతాను, తేడా వస్తే ఆగమంటాను. ఆవిడ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, గొంతు కంచులా ఉంటుంది. ఆవిడ చదవడం, నేను తడమడం, ఇన్నేళ్ళలో మాకు దంపుడు పాటలా అలవాటైపోయింది.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. మా హాల్లో ఫోనెత్తితే తమ్ముడూ, మరదలూ, వాళ్ళ టీవీ అందరూ వింటారు. ఈ చుక్కలు ఈ ఇంట్లో ఒక్కళ్ళకీ రావు. ఉత్తరాన్ని కళ్ళున్నవాళ్ళ ఎదుటే బల్ల మీద పరిచి పెట్టుకోవచ్చు. గుడ్డివాళ్ళకి దక్కిన సుఖం ఇదొక్కటే, దీన్ని నేను వదులుకోను.

ప్రెస్సులో ఎవరికీ చెప్పలేదు. నువ్వు కూడా ఉపన్యాసం మొదలుపెట్టకు.

కాళ్ళు కాలుతున్నా నోరు చల్లారని,
నీ ముక్కోపి


నా బంగారు ముక్కోపికి,

ఉపన్యాసం వద్దంటే మానేస్తానా? హాస్టల్లో మంచాలు పక్కపక్కన వేసినప్పటినుంచీ నా ఉపన్యాసాలు వింటూనే ఉన్నావు, ఇంకో నాలుగు వింటే అరిగిపోవు. కాగితం దగ్గరికి లాక్కో.

మా ఆయనకి షుగరని నీకు చెప్పానుగా. కిందటేడు బూటులో చిన్న మేకు లేచింది. మహానుభావుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని మీదే నడిచాడు. ఇంటికొచ్చి బూటు విప్పితే తడి. నేను ముట్టుకుని నీళ్ళనుకున్నాను, వాసన చూస్తే రక్తం! నా పై ప్రాణాలు పైనే పోయాయి. మనిషికి నొప్పి లేదు, "ఏమైందోయ్?" అని నన్నే అడుగుతున్నాడు. ఆ పుండు మానడానికి ఎన్నాళ్ళు పట్టిందో ఆ దేవుడికెరుక. బొటనవేలు తీసేస్తారేమోనన్న మాట కూడా వచ్చింది. అందుకని చెప్తున్నాను. రోజూ సాయంత్రం మీ మరదలి చేత అరికాళ్ళు, వేళ్ళ సందులు చూపించుకో. మన చేత్తో మనం తడుముకుంటే చాలదు, ఎర్రబడింది చేతికి తెలీదు. సిగ్గుపడకు. చెప్పులు తొడుక్కునే ముందు దులుపు. వేడినీళ్ళలో వేలు పెడుతున్నానన్నావు చూడు, ముందు మోచెయ్యి పెట్టి చూసుకో.

డాక్టరు కావచ్చు అన్నాడని తిట్టిపోశావు. ఆయన మటుకు ఏం చేస్తాడే? తెలియనిది తెలుసని చెప్పేవాడికంటే నయం కదా. ఇచ్చిన మందులు వేసుకుంటున్నావా? టీలో చక్కెర మానేశావా? రాసేటప్పుడు నమిలే ఆ బిస్కెట్లు మానేశావా? మానలేదని నాకు తెలుసు. నీ ఉత్తరం మడతలో పొడి ఉంది.

ఇంకో మాట. ముక్కు మీద కోపం పెట్టుకోకుండా విను. నీ ఉత్తరం రెండో పేజీలో ఒక వరస మీదే ఇంకో వరస పొడిచావు. ఏం రాశావో తెలుసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నువ్వు! మనం బళ్ళో ఉన్నప్పుడు నా కాగితాల మీద వేలు పెట్టి "ఇవి చుక్కలా, పేలాలా" అని వెక్కిరించినదానివి. రాసింది తడిమి చూసుకోలేదా, చూసుకున్నా తెలియలేదా? దీనికి మాత్రం జవాబు రాయి. తెలియకపోతే ఆ పని నుంచి కొన్నాళ్ళు సెలవు పెట్టు. మేనేజరుకి చెప్పు, ఆయనేమీ పులి కాదుగా.

నా క్లాసు సంగతులు బోలెడున్నాయి. కొత్తగా ఒక పిల్ల చేరింది. ప్రతిదానికీ "ఎందుకు టీచర్?" అంటుంది. సున్నాతో గుణిస్తే సున్నా ఎందుకు? సున్నా ఎందుకు గుండ్రంగా ఉంటుందంటారు, మన సున్నా గుండ్రంగా లేదుగా? నాకు నవ్వాగదు. ఎందుకు పిల్లనే పిలుస్తున్నాను. లెక్కల్లో దానికి తిరుగులేదు. మీరు చేస్తున్న ఆ పుస్తకం దీనికే, త్వరగా పంపించండి. ఊరికే ఖాళీగా కూర్చుంటే నన్ను ప్రశ్నలతో చంపేసేటట్టుంది.

అరికాళ్ళు చూపించుకో. చూపించుకో. చూపించుకో.

నువ్వు తిట్టినా నోరు మూయని,
నీ వసపిట్ట


ప్రియమైన వసపిట్టకి,

నీ ఉత్తరం పుండు మీద కారం చల్లినట్టుంది. అవును, నిజంగా పుండే. వేడినీళ్ళ సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకున్నాను. లేచేసరికి మా మరదలు కెవ్వుమంది. మడమ మీద పెద్ద బొబ్బ, చర్మం ఊడిందట. నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆవిడ కట్టు కడుతూ ఏడుస్తుంది, నేనేమో "ఏడుస్తావెందుకు, నాకు నొప్పి లేదుగా" అంటాను. ఆవిడ ఇంకా ఏడ్చింది. కాళ్ళు చూపించుకుంటున్నాను, సంతోషమా?

మేనేజరుకి చెప్పమంటావు. చెప్తే ఏమవుతుందో తెలుసా? చాలా మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అంటాడు. ఆ తర్వాత ఆ గుమ్మంలో నాకు పనేముంటుంది? నీకు మొగుడున్నాడు, క్లాసుంది, ఇంటి నిండా పిల్లులున్నాయి. నాకున్నది ఈ వేలే. చిన్నప్పుడు మా అమ్మ నన్ను బళ్ళో వదిలేసి వెళ్ళిన రోజు నేను గోడ పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. నెల తిరక్కుండా మొదటి వాక్యం చదివాను. ఏం వాక్యమో కూడా గుర్తు, "ఆవు పాలు ఇచ్చును." ఆ ఆవుని చూసినంత సంబరం ఇంతవరకు నాకు దేనికీ కలగలేదు. రేడియో వింటాను, టేపులు వింటాను, అది వేరు. అవతలివాళ్ళు చదివితే వాళ్ళ వేగం, వాళ్ళ గొంతు, వాళ్ళ ఇష్టం. నేను చదివితే మధ్యలో ఎవరూ ఉండరు. ఇది పోతే నన్ను మళ్ళీ ఆ గోడ దగ్గర నిలబెట్టినట్టే. అర్థమైందా? సెలవు పెట్టు అని ఎంత తేలిగ్గా అన్నావు!

అయినా నీ భయం అనవసరం. కుడివేలు మొండికేస్తే ఎడమవేలుతో చదువుతున్నాను. అదీ ఒక్కోసారి గునుస్తుంది గానీ బాగానే అలవాటు పడింది. అలవాటు కాకపోతే ఇదెలా సాధ్యం చెప్పు. లెక్కల పుస్తకం గడువుకంటే ముందే అయిపోయింది! మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు, ఈ మధ్య నేను ఆగమనడం బాగా తగ్గిందట, పేజీ మీద పేజీ నడిచిపోతోందట. "ఇదివరకు నన్ను మాటిమాటికీ ఆపి చంపేదానివి, ఇప్పుడు నా గొంతుకి కాస్త హాయిగా ఉంది" అని చదువమ్మ కూడా అంది. వేలు చచ్చిన మనిషి పని ఇలాగే ఉంటుందా?

ఒక వరస మీద ఇంకో వరస పొడిచానన్నావు. చుక్కలు పొడిచే పలక జారింది. అంతే.

పుస్తకాలు పార్సిలయ్యాయి. మీ ఎందుకు పిల్లకి కడుపు నిండా లెక్కలు.

బిస్కెట్లు మానేసి, ఆ కోపం కూడా నీ మీదే చూపిస్తున్న,
నీ ముక్కోపి


ప్రియమైన ముక్కోపికి,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదే. నాకు! మొదలుపెట్టిన ఉత్తరాలన్నీ చింపేశాను. ఇది చింపను.

లెక్కల పుస్తకాలొచ్చాయి. పిల్లలు కాగితం వాసన చూస్తూ మురిసిపోయారు. మొదటి పాఠం బాగానే నడిచింది. రెండో పాఠం చివర లెక్కలు చెయ్యమన్నాను. అందరూ చేశారు, వెనక జవాబులతో సరిచూసుకున్నారు. మన ఎందుకు పిల్లకి ఒక జవాబు కలవలేదు. మళ్ళీ చెయ్యమన్నాను. మళ్ళీ అదే జవాబొచ్చింది. "పుస్తకంలో వేరేగా ఉంది టీచర్, ఎందుకు?" అంది. నాకు ఆ రోజు తలనొప్పిగా ఉంది. "ఎందుకంటే నువ్వు తప్పు చేశావు కాబట్టి" అన్నాను. ఇంకోసారి చేయించాను. క్లాసంతా కిసుక్కుమంది. ఆ పిల్ల ఏడుస్తూ పుస్తకంలో ఉన్న జవాబే తన కాగితం మీద పొడిచి తెచ్చిచ్చింది. లెక్క లేదు, వట్టి జవాబు. నేను "ఇప్పుడు సరిపోయింది" అన్నాను. అన్నానే!

మర్నాడు ఇంకో పిల్లవాడికి కలవలేదు. ఆ తర్వాత ఇద్దరికి. అప్పుడు నాకు అనుమానమొచ్చి నేను వేలు పెట్టాను. నలభై ఏడు ఉండాల్సిన చోట నలభై రెండు ఉంది. జవాబుల పేజీల్లో కుడి అంచున చాలాచోట్ల కుడిపక్క చుక్కలు లేవనే లేదు. ఏడుకి నాలుగు చుక్కలు కదా, కుడివైపువి లేవకపోతే అది రెండైపోతుంది. నాలుగులు ఒకటైపోయాయి. కాస్త కూడా గరుకు లేదు, నున్నగా ఉంది. నీ వేలైతే పరిగెత్తుతూ కూడా పట్టేసేది. ఒకప్పుడు నువ్వు ఒక్క చుక్క అణిగిందని పేజీ మొత్తం మళ్ళీ కొట్టించి, మీ మేనేజరుతో పోట్లాడి రెండు రోజులు తిండి మానేశావు, గుర్తుందా?

పోయిన ఉత్తరంలో నువ్వు సంబరంగా రాసిన మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను. ఆగమనడం తగ్గిందన్నావు. నిన్నొకటి అడుగుతాను, నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఆ పుస్తకాన్ని నీ వేలు చదివిందా, చెవి చదివిందా? చదువమ్మ నలభై ఏడు అని కంచు గొంతుతో చదువుతుంటే, కింద ఏమున్నా నీకు నలభై ఏడులాగే తోచిందేమో. నువ్వు కావాలని చేశావని అనట్లేదు. నీకు తెలియకుండానే జరిగి ఉంటుంది. కాలికి చెప్పు లేకపోయినా ఉన్నట్టే నడిచావు చూడు, అట్లాగ.

ఆ పుస్తకాలు ఒక్క మా బడికే రాలేదు. అన్ని బళ్ళకీ వెళ్ళాయి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. మా ఎందుకు పిల్ల ఇప్పుడు ఏమీ అడగట్లేదు. లెక్క చేసే ముందే వెనక్కి తిప్పి జవాబు తడుముకుంటోంది. అది నాకు నిద్ర పట్టనివ్వట్లేదు.

మీ మేనేజరుకి నువ్వే చెప్పవే. నీ నోటితో నువ్వు చెప్పడం వేరు, బయటినుంచి ఫిర్యాదు రావడం వేరు. వెంటనే జవాబు రాయి. నువ్వు చెప్పకపోతే నేను మా ప్రిన్సిపాల్ గారితో చెప్పక తప్పదు. చెప్పాలంటే నా నాలుక మెలిపడిపోతోంది.

నిన్ను ఎప్పటికీ వదలని,
నీ వసపిట్ట


ముక్కోపీ,

జవాబు లేదు. రోజూ పోస్టుమాన్ గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. మీ ఇంటికి ఫోన్ చేశాను. మీ మరదలు ఎత్తి, "వదిన పడుకున్నారండీ" అంది. సాయంత్రం చేస్తే, "వదిన స్నానానికి వెళ్ళారండీ" అంది. ఆదివారం చేస్తే మళ్ళీ పడుకున్నావట. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు పాపం, వెనక నీ దగ్గు వినపడుతూనే ఉంది. నాకు మొహం చాటేస్తున్నావు. నా మొహం నీకెలాగూ కనపడదు, అయినా చాటేస్తున్నావు.

నిన్న ప్రిన్సిపాల్ గారికి చెప్పేశాను. ఇంకా ఆగడం నా వల్ల కాలేదే. పుస్తకంలో తప్పులున్నాయని, వెనక్కి తెప్పించి సరిచేయించాలని ఆయన మీ ప్రెస్సుకి రాస్తున్నారు. "ఎవరు సరిచూశారో ఏమో, వేలు పెట్టి చూశారా అసలు?" అన్నారు. నేను నీ పేరు చెప్పలేదు.

ఎందుకు పిల్లకి చెప్పబోయాను, నీ జవాబే సరైనదని. "మరి పుస్తకం ఎందుకు తప్పు చెప్పింది టీచర్?" అంది. చాలా రోజుల తర్వాత ఎందుకు అంది. పుస్తకాలు కూడా పొరబడతాయమ్మా అని దాటేశాను. అది నమ్మినట్టు లేదు.

నన్ను తిట్టు. నాకింక రాయొద్దను. కానీ ఏదో ఒకటి రాయి. నువ్వు ఊరుకుంటే నాకు భయంగా ఉంది.

నీ
వసపిట్ట


ప్రియమైన నా వసపిట్టకి,

ముందు ఒక సంగతి చెప్తాను, ఆ తర్వాత నువ్వెంత ఏడ్చినా ఫర్వాలేదు. నీ ఉత్తరాలు రెండూ నేను మొన్నటిదాకా చదవలేదు. కోపంతో కాదు. చదవలేకపోయాను.

మొదటిది వచ్చిన రోజు కవరు చింపి ఒళ్ళో పరుచుకున్నాను. కుడివేలు పెట్టాను, ఎడమవేలు పెట్టాను, మధ్యవేళ్ళు పెట్టాను. కాగితం ఉందని తెలుస్తోంది, గరుగ్గా ఉందని తెలుస్తోంది, చుక్కలు మాత్రం ముద్దైపోయాయి. ఎవరిచేత చదివించుకోను? ఇంట్లో ఎవరికీ రాదు, ఆ సుఖం గురించే నీ దగ్గర గొప్పలు పోయాను. ప్రెస్సులో ఇంకో ప్రూఫు చూసే ఆయనకిస్తే నా గుట్టు రట్టవుతుంది. పిల్లుల కబుర్లే రాసుంటావులే అని దిండు కింద పెట్టేశాను. నువ్వు ఫోన్ చేస్తే "ఉత్తరం చదివావా?" అని అడుగుతావని పడుకున్నానని చెప్పించాను. మా మరదల్ని అబద్ధాలకోరుని చేశాను.

ఇక ప్రెస్సు సంగతి. నువ్వు అనుకున్నదంతా నిజం. అయితే అది నాకు నీ ఉత్తరం చెప్పలేదు, చదువమ్మ దగ్గు చెప్పింది. కొత్త కథల పుస్తకం మొదలుపెట్టాం. ఆవిడ చదువుతోంది, నేను వేలు నడుపుతున్నాను. "రాజు తలుపు తీసి" అని ఆవిడకి దగ్గు తెర వచ్చింది. మంచినీళ్ళకని లేచి వెళ్ళింది. ఇన్నేళ్ళలో నా వేలు ఎప్పుడూ ఆవిడ గొంతుకంటే ఒక మాట ముందుండేది. రాజు తలుపు తీసి ఏం చేశాడో చూద్దామని వేలు ముందుకి జరిపాను. ఏమీ లేదు. కాగితం ఉంది, కథ లేదు. వెనక్కి వచ్చాను, ఆవిడ అప్పటిదాకా చదివిన వాక్యం దగ్గరికి. అదీ లేదు. ఆవిడ గొంతు ఆగింది, నా చదువు ఆగింది. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని, "చూశాడు" అని చదివింది. అప్పుడు నా వేలి కింద "చూశాడు" ఉన్నట్టే అనిపించిందే! ఒట్టు, అచ్చంగా అలాగే అనిపించింది. లెక్కల పుస్తకం గుర్తొచ్చింది.

ఆవిణ్ణి అక్కడే ఆపేసి మేనేజరు గదికి వెళ్ళాను. ఎన్నాళ్ళనుంచి ఇలా ఉందో నాకే తెలియదని, ఈ మధ్య నేను సరిచూసినవన్నీ మళ్ళీ చూడాల్సిందేనని చెప్పాను. అనుకున్నట్టే కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, చక్కెర లేకుండా. విశ్రాంతి తీసుకోమన్నాడు. చదువమ్మ గేటు దాకా నా చెయ్యి పట్టుకుని వచ్చింది. "నేను అంత గట్టిగా చదవకుండా ఉండాల్సింది" అని ఏడ్చింది. పిచ్చిది. ఆవిడ తప్పేముంది?

ఇంటికొచ్చి పడ్డాను. వారం తిరిగేసరికి మేనేజరు ఫోన్ చేశాడు. మీ బడి నుంచి ఉత్తరం వచ్చిందట, లెక్కల పుస్తకం మీద. చదివి వినిపించాడు. నేను చెప్పి ఉండబట్టి మళ్ళీ చూడడం అప్పటికే మొదలైందట, జవాబుల పేజీలు కొత్తగా కొట్టి అన్ని బళ్ళకీ పంపుతున్నారు. పరీక్షలకి ముందే మీకు అందుతాయి. ఆ ఉత్తరం ఆయన చదువుతుంటే నాకు ఇంకేమీ వినపడలేదు, దిండు కింద ఉన్న నీ కాగితాలే గుర్తొచ్చాయి. అవి పిల్లుల కబుర్లు కావని అప్పుడు తెలిసింది. నన్ను నువ్వేమన్నావో మేనేజరు నోట వినడం కాదు, నీ చేత్తో రాసింది నేను చదవాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదనిపించింది.

ఇంట్లో అందరూ బయటికి వెళ్ళారు. మొదటి ఉత్తరం తీశాను. పది వేళ్ళూ పెట్టాను. కణుపులు పెట్టాను, మోచెయ్యి పెట్టాను, చెంప పెట్టాను. ఏదీ పలకలేదు. ఇంక ఓపిక చచ్చిపోయి కాగితాన్ని మొహానికి అదుముకుని ఏడ్చాను. సిగ్గెందుకు, గట్టిగానే ఏడ్చాను. అలా ఏడుస్తుంటే కింది పెదవికి చుక్కలు తగిలాయి. నువ్వు సూదిని ఎంత గట్టిగా గుచ్చుతావో తెలుసుగా, పేలాల్లా ఉంటాయి. ఒకటి తెలిసింది. దాని పక్కది తెలిసింది. కాగితాన్ని కొద్దికొద్దిగా జరిపాను. "మ" అని వచ్చింది. కొమ్ము వచ్చింది. ఊపిరి బిగబట్టి ఇంకాస్త జరిపాను. ముక్కోపి! నన్ను నువ్వు పిలిచావే! ఎవరి గొంతూ లేదు, ఇంట్లో చీమ చిటుక్కుమనట్లేదు, నువ్వు నన్ను పిలిచావు.

ఆ మధ్యాహ్నమంతా చదివాను. మా మరదలు వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. "వదినా, కాగితం తింటున్నారా?" అంది. "ఊఁ, ఆకలేసింది" అన్నాను. తర్వాత చెప్తే ఆవిడ ఈసారి నవ్వి ఏడ్చింది. ఒక వరస చదవడానికి ఇదివరకు ఒక పేజీకి పట్టినంతసేపు పడుతోంది. మెడ పట్టేస్తుంది, పెదవి ఎండిపోతుంది, వరస తప్పిపోతే మళ్ళీ మొదటినుంచి రావాలి. దీంతో ప్రూఫులు చూడలేను, ఆ పని ఇంక నాది కాదు. రేపు పెదవి కూడా మొద్దుబారదని ఎవరు చెప్పగలరు? కావచ్చు డాక్టర్ని అడిగాను. షుగరు అదుపులో పెట్టుకుంటే ఇంకా చెడకుండా ఆగొచ్చన్నాడు, వేళ్ళలో కొంత తిరిగి రావచ్చన్నాడు, మణికట్టుకి పట్టీ ఇచ్చాడు. ఈసారి తిట్టలేదు, మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అడిగి తెలుసుకుని వచ్చాను. మడమ పుండు మెల్లిగా మానుతోంది.

నువ్వు ప్రిన్సిపాల్ గారికి చెప్పి మంచిపని చేశావు. చెప్పకపోయి ఉంటే అప్పుడు తిట్టేదాన్ని. "వేలు పెట్టి చూశారా అసలు" అని ఆయన అన్న మాట దగ్గర మాత్రం పెదవి ఆగిపోయింది. వేలు పెట్టాననే చెప్పు ఆయనకి.

నాకు మింగుడుపడనిది ఆ ఎందుకు పిల్ల సంగతి. లెక్క సరిగ్గా చేసి, నా మూలంగా ఏడ్చి, తన జవాబు చెరిపేసుకుంది. పుస్తకాలు పొరబడతాయని దాటెయ్యకు. దాన్ని పిలిచి చెప్పు, ఈ పుస్తకాన్ని సరిచూసిన మనిషికి వేళ్ళు పనిచెయ్యట్లేదని, ఆ సంగతి ఆ మనిషికి తెలియలేదని, పక్కనున్న గొంతుని నమ్మి తన వేలు కింద ఏముందో చూసుకోలేదని. దానికి అర్థమవుతుంది. ఇంకా ఎందుకని అడిగితే నన్నే అడగమను. నాకు ఉత్తరం రాయమను. తిట్టినా సరే, ఒక్క వరస చాలు, మొత్తం చదువుతాను. కాకపోతే ఇంక నేను చదివేది నోటితో కదా, చేతులు కడుక్కుని రాయమని చెప్పు.

నీ మాటలన్నీ పెదవికి తాకించుకుని చదివిన,
నీ ముక్కోపి